దుకాణం ఖాతా నుంచి నా ఖాతాకు

మా బావ నా మీద జాలి చూపించిన రోజు నాకు అన్నం సహించలేదు.

జాలి అంటే నాకు పడదని కాదు. ఉన్నట్టుండి చూపిస్తేనే భయం. బావ అంటే మా ఆయనకు అన్న. మాలాంటి షావుకారు ఇళ్లలో తమ్ముడి భార్యతో అన్న మొహం చూసి మాట్లాడడు, ఆమె ఆయన ముందు కూర్చోదు. పెళ్లై వరంగల్ వచ్చినప్పటి నుంచీ ఆయన నాతో చెప్పవలసిన ప్రతి మాటా మా అత్తమ్మకు చెప్పేవాడు, ఆమె లేకపోతే గోడకు చెప్పేవాడు. "జర మంచినీళ్లు" అని గోడతో అంటే నేను చెంబు తెచ్చి అక్కడ పెట్టి పక్కకు తప్పుకునేదాన్ని. నేను వినవలసిన మాటైతే గొంతు పెంచేవాడు, వినకూడనిదైతే తగ్గించేవాడు. అన్నేళ్లూ మా మధ్య నడిచిన ముచ్చట అంతే.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తింటూ గొంతు పెంచాడు.

"అమ్మా, ఆమెకు చెప్పు. బ్యాంకుల ఆమె పేర ఒక ఖాతా తెరుస్తాన. నెలనెల దుకాణం ఖాతాల నుంచి పైసలు వాటంతటవే పోయి ఆమె ఖాతాల పడ్తయి. ఐదేండ్లకు మిత్తితోని అన్నీ ఒక్కసారి చేతికొస్తయి. నేను ఇయ్యాల్సిన పని లేదు, ఆమె అడగాల్సిన పని లేదు. ఇగ ఫికర్ ఎందుకు?"

గరిటె పట్టుకుని నేను అక్కడే వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. అయినా అత్తమ్మ నావైపు తిరిగి అదే మాట మళ్లీ మొదటి నుంచి చెప్పింది, నేనేదో పక్క ఊళ్లో ఉన్నట్టు. నేను తల ఊపాను. ఊపకుండా ఏం చేస్తాను?

డెబ్బైల చివర సంగతి ఇది. అప్పటికి మా ఆయన పోయి ఆరు నెలలు దాటింది. కామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, పథ్యం చేయించారు, అది కాస్తా ముదిరాక దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ డాక్టరు ఇంత ఆలస్యం ఎందుకు చేశారని మా మీద అరిచాడు. ఆ తరువాత ఆయన ఎక్కువ రోజులు లేడు. నాకు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. మా పిల్ల అప్పుడే బడికి పోవడం మొదలుపెట్టింది.

అన్నదమ్ములిద్దరిదీ కలిపి నూలు దుకాణం. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు నూలు అమ్మేవాళ్లు. చెరి సగం. గద్దె మీద కూర్చునేది బావ. సైకిలేసుకుని ఇంటింటికీ తిరిగి, ఏ మగ్గం మీద ఏ రంగు నడుస్తుందో చూసి, ఎవరికి ఎంత నూలు కావాలో కనుక్కొచ్చేది మా ఆయన. ఎండలో ఆయన నల్లబడితే నీడన కూర్చున్న బావ తెల్లగా ఉండేవాడు. దుకాణంలో లాభం వచ్చిందంటే అది గద్దె చలవ అనేవాళ్లు ఇంట్లో. సైకిలు చలవ అని నేను ఒక్కదాన్నే అనుకునేదాన్ని, అదీ లోపల.

ఆయన ఉన్నన్నాళ్లూ నాకు చేతిలో చిల్లర ఆడేది. పోయాక, ఒంటి సబ్బు అరిగిపోతే బావ భార్య దగ్గరికి పోయి నిలబడవలసి వచ్చేది. ఆమె నాకు యారాలు, నేను అక్కా అనేదాన్ని. చెడ్డ మనిషి అనను. అడిగితే ఇచ్చేది. కానీ ఇచ్చే ముందు, "మొన్ననే తెస్తిమి గద, అప్పుడే అయిపోయిందా?" అనేది. ఆ ఒక్క మాట నా వీపు మీద వాత పెట్టినట్టుండేది. చాలాసార్లు సబ్బు లేకుండానే స్నానం చేసి వచ్చాను. అందుకే బావ చెప్పిన ఖాతా మాట వినగానే, ఒప్పుకోవడానికి సిగ్గు లేదు, లోపల ఒకటి ఎగిరి గంతేసింది. అడగాల్సిన పని లేదు. ఆ మాట చాలు నాకు.

కానీ నా బుద్ధి ఎలాంటిదంటే, గంతేసిన దాన్ని మరుక్షణమే కాలు పట్టి కిందకు గుంజుతుంది. గిన్నెలు తోముతూ ఆలోచించాను. ఆరు నెలలు ఊరుకున్న మనిషికి ఇవాళ ఎందుకు గుర్తొచ్చాను? సరే, నెలనెలా డబ్బు పడుతుంది. అది ఐదేళ్లదాకా నా చేతికి రాదు. అంతవరకూ సబ్బుకు మళ్లీ ఎవరి ముందు నిలబడాలి? ఆ అక్క ముందే కదా. అడగాల్సిన పని లేదంటాడు, ఐదేళ్లు అడుగుతూనే ఉండమంటాడు. ఇందులో మతలబు ఏదో ఉంది. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు, అందులోనూ షావుకార్లు.

ఒకసారి అనుమానం మొదలైతే ఆగుతుందా? మర్నాడు పొద్దున అక్క నాకు చాయ్ ఇచ్చింది. చిక్కగా ఉంది. ఎప్పుడూ నాకు వచ్చేది అడుగున మిగిలిన నీళ్ల చాయే. ఆ చిక్కటి చాయ్ గొంతు దిగలేదు. సాయంత్రం బావ మా పిల్లకు కొత్త చెప్పులు తెచ్చాడు. పిల్ల వాటిని వేసుకుని ఇల్లంతా తిరుగుతుంటే నేను ఆ చెప్పుల్ని తిప్పి తిప్పి చూశాను, వాటి అడుగున ఏదో రాసి ఉన్నట్టు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

అనుమానం నా ఒక్కదానిదే కాదు. అత్తమ్మకు బ్యాంకు మీద అనుమానం. బ్యాంకులో వేస్తే గవర్నమెంటు వాళ్లు మన డబ్బు లెక్కపెట్టుకుంటారని, ఎప్పుడో ఒక రోజు అంతా మాదే అంటారని ఆమె భయం. అక్కకు నా మీద అనుమానం. పచ్చడి నూరుతూ నూరుతూ, నెలకు ఎంత వేస్తాడట అని తీయగా అడిగింది. నాకేం తెలుసక్కా అన్నాను. తెలియదనే ఆమె నమ్మలేదు. అందరం ఒకే పొయ్యి మీది అన్నం తింటూ ఒకరి విస్తరి ఒకరం చూసుకుంటున్నాం.

మా బావకున్న ఒక పట్టింపు గురించి ఇక్కడ చెప్పాలి. శుక్రవారం పూట ఆయన చేతిలోంచి డబ్బు బయటికి పోదు. శుక్రవారం లక్ష్మిని గడప దాటిస్తే మళ్లీ తిరిగి రాదని ఆయన నమ్మకం. చాలా ఇళ్లలో ఉన్నదే ఇది, కానీ ఆయనకు మరీ ముదిరింది. శుక్రవారం దుకాణానికి వచ్చే డబ్బుకు తలుపులు బార్లా, పోయే డబ్బుకు గడియ. కూలికి శనివారం రమ్మనేవాడు. బ్యాంకులో వేయడం కూడా పంపడమే అని శుక్రవారం బ్యాంకుకు పోయేవాడు కాదు. ఒకసారి శుక్రవారం మా పిల్లకు జ్వరం వస్తే మందులు అప్పు మీద తెచ్చాడు. డబ్బాలో డబ్బు పెట్టుకుని అప్పు తెచ్చే మనిషిని నేను ఆయననే చూశాను. ఆ రోజు మా ఆయన నవ్వుతూ, మా అన్నతోని లక్ష్మీదేవి కూడ వేగలేదు అన్నాడు.

సోమవారం బ్యాంకుకు పోయాం. బావ సైకిల్ మీద ముందు, నేనూ అత్తమ్మా రిక్షాలో వెనక. బావ మాట నాకు చేరాలంటే అత్తమ్మ ఉండాలి కదా, అందుకని ఆమెను తీసుకుపోవడం. దారిలో అత్తమ్మ రిక్షా కమ్మీ గట్టిగా పట్టుకుని, ఎక్కడ చెప్తే అక్కడ సంతకం పెట్టు బిడ్డా, మనం నలుగుర్ల మాట్లాడొద్దు అని నాకు బుద్ధి చెప్పింది. ఆమె తప్పేం లేదు. అలాగే బతికింది ఆమె.

మేనేజరు కృష్ణా వైపు మనిషి. మర్యాదగా కుర్చీలు చూపించాడు. బావ కూర్చున్నాడు, అత్తమ్మ కూర్చుంది. నేను అత్తమ్మ కుర్చీ వెనక నిలబడ్డాను. కూర్చోండమ్మా అని ఆయన రెండుసార్లు అన్నాడు. ఎందుకు కూర్చోనో ఆయనకు ఎవరు చెప్తారు?

ఆయన విడమర్చి చెప్పాడు. దుకాణానిది కరెంటు ఖాతా. అది వ్యాపారులు రోజూ వేసుకుని రోజూ తీసుకునే ఖాతా, దానికి మిత్తి, అంటే వడ్డీ, రాదు. నాకు తెరిచేది రికరింగు డిపాజిట్టు. నెలనెలా ఒకటే మొత్తం పడుతుంది, మధ్యలో తీయకపోతే గడువుకు మిత్తి కలిపి ఇస్తారు. రెండింటినీ కలపడానికి దుకాణం తరఫున ఒక ఉత్తరం రాసిస్తే చాలు. ఆ తేదీ రాగానే బ్యాంకువాళ్లే ఇందులోంచి తీసి అందులో వేస్తారు. ఎవరూ రానక్కర్లేదు, అడగనక్కర్లేదు. ఆయన చెప్తుంటే నాకు మళ్లీ లోపల గంతు మొదలైంది. ఎంత బాగుంది అనిపించింది. నేను ఇంట్లో పప్పు రుబ్బుకుంటూ ఉంటాను, ఇక్కడ నా డబ్బు నా దగ్గరికి నడిచి వస్తూ ఉంటుంది.

"ఏ తేదీ పెట్టమంటారండి?" అని మేనేజరు బావను అడిగాడు.

శుక్రవారం రాని తేదీ ఏదన్నా పెట్టమన్నాడు బావ.

మేనేజరు నవ్వబోయి, బావ మొహం చూసి మానేశాడు. గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. అలాంటి తేదీ ఉండదండీ, ఏ తేదీ అయినా ఎప్పుడో ఒకప్పుడు శుక్రవారం రాక తప్పదు అన్నాడు. శుక్రవారం వస్తే శనివారం తియ్యమన్నాడు బావ. సెలవు రోజైతే మర్నాడు తీస్తాం గానీ శుక్రవారం సెలవు కాదు కదండీ, వందల ఖాతాల్లో ఈ ఒక్కదానికి వారం చూసేదెవరు అన్నాడు మేనేజరు.

బావ కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. ఇదిగో దారి దొరికింది ఆయనకు అనుకున్నాను నేను. శుక్రవారం పేరు చెప్పి లేచి పోతాడు, ఖాతా లేదు ఏమీ లేదు, చెప్పుల జత ఒకటి మిగులుతుంది. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. కానీ ఆయన లేవలేదు. నిజంగానే ఆలోచిస్తున్నాడు. కాసేపటికి ఆయన మొహం తేటపడింది.

"ఏ తేదీ అయినా పెట్టుండ్రి. ఏం కాదు. ఆమె ఖాతాల పడ్డా ఇంట్ల ఉన్నట్టే గద. గడప దాటినట్టు కాదు."

అవు, ఇంట్లదే గద అని అత్తమ్మ కూడా ఊపిరి పీల్చుకుంది.

ఇద్దరికీ ఎంత హాయిగా ఉందో. నాకు మాత్రం చెవుల్లో గుయ్యిమంది. ఇన్ని రోజులూ చాయ్‌లోనూ చెప్పుల్లోనూ వెతికింది ఆయన నోటితోనే ఆయన చెప్పేశాడు. కల్లాకపటం లేకుండా చెప్పాడు, అదే అసలు సంగతి. నన్ను మోసం చేయాలని కాదు. నాకు ఇస్తున్నానని ఆయన అనుకోనే లేదు. దుకాణం డబ్బాలోంచి తీసి దేవుడి అరలో పెట్టినట్టు, ఆయన లెక్కలో అది స్థలం మారడమే. దేవుడి అరకు సంతకం ఉండదు, నాకు ఉంది, అంతే తేడా.

"బావా," అన్నాను.

అత్తమ్మ చెయ్యి వెనక్కి చాచి నా కొంగు పట్టి గుంజింది. అన్నేళ్లలో నేను ఆయనను నేరుగా పిలవడం అదే మొదలు.

"ఇంట్ల ఉన్నట్టే అయితే, అవి నా పైసలు ఎట్లయితయి?"

బావ నావైపు చూడలేదు. అత్తమ్మతో, ఖాతా ఆమె పేర్నే ఉంటదని చెప్పమ్మా అన్నాడు. నేను ఇక ఆయన జోలికి పోకుండా మేనేజరును అడిగాను, ఈ డబ్బు రావడం ఆపాలంటే ఎవరు ఆపగలరని. కరెంటు ఖాతా ఎవరిదో వారు అన్నాడు ఆయన. నాకు చెప్పకుండా ఆపొచ్చా అన్నాను. ఆపొచ్చమ్మా, చెప్పాలని రూలేం లేదు అన్నాడు. పాపం, నన్ను ఊరడించాలనే కాబోలు, ఇంకో మాట కలిపాడు.

"ఎలాగూ ఆ ఖాతా ఇప్పుడు మీ బావగారి ఒక్కరి పేరు మీదికి మారుతోంది కదమ్మా. మీవారి వాటా సంగతిలో మీకు అభ్యంతరం లేదని మీ సంతకం కూడా ఇవాళే తీసేసుకుందామన్నారు."

బావ క్యాలెండరు వైపు తిరిగాడు.

అదీ సంగతి. కరెంటు ఖాతా మీద అన్నదమ్ములిద్దరి పేర్లూ ఉండేవి. ఒకరు పోయారు కనుక కొత్తగా రాయకపోతే బ్యాంకు ఎన్నాళ్లో ఊరుకోదు. కొత్తగా రాయాలంటే పోయినవాడి భార్య సంతకం కావాలి. ఒక సంతకంతో నాకు నెలనెలా వచ్చే ఖాతా, ఇంకో సంతకంతో మా ఆయన సగం దుకాణం. ఇచ్చేదానికి ఒకటి, పుచ్చుకునేదానికి ఒకటి. సబ్బు కోసం చెయ్యి చాపలేక, ఆ చెయ్యి నరికి ఇచ్చి పోయేదాన్ని. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి పోదాం పద అత్తమ్మా అన్నాను. దేని మీదా సంతకం పెట్టలేదు.

ఆ తరువాత ఇంట్లో ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. చాయ్ మళ్లీ నీళ్లదైంది. నీళ్లదైనందుకు ప్రాణం తెరిపిన పడింది, కనీసం ఆ చాయ్ అబద్ధం చెప్పడం లేదు. బావ గోడతో మాట్లాడడం కూడా మానేశాడు. అక్క గిన్నెలతో మాట్లాడేది, అవి మోగేవి. అత్తమ్మ మాత్రం ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది. ఆడదానివి, దుకాణంల నీకు పేరెందుకు బిడ్డా అంది. పేరు అక్కరలేని దాని సంతకం ఎందుకు అక్కరొచ్చిందత్తమ్మా అన్నాను. ఆమె లేచి పోయి వత్తులు చేసుకుంది.

నాకు భయం లేదని అనుకోకండి. చచ్చేంత భయం. సంతకం పెట్టనంటే దుకాణం నిలిచిపోవచ్చు. నూలు పంపే ఏజెంట్లు చెక్కులు అడుగుతారు, చెక్కులు రాయాలంటే ఖాతా నడవాలి. దుకాణం ఆగితే ఆ పాపం నా నెత్తిన, నా పిల్ల నెత్తిన. సంతకం పెడితే మా ఆయన ఎండలో తిరిగిన తిరుగుడంతా బావ దయ కిందికి పోతుంది. ఆ దయ ఒక ఉత్తరంతో మొదలై ఇంకో ఉత్తరంతో ఆగిపోతుంది. మింగలేను, కక్కలేను. నా పక్కన నిలబడేది ఎవరని వెతుక్కుంటే మా అన్న ఒక్కడే కనిపించాడు.

అన్నది తొర్రూరులో పత్తి కమీషన్ దుకాణం. కబురు నేను పంపేలోగా బావే పంపాడు. ఆదివారం అన్న బస్సు దిగి వచ్చాడు. భోజనాలయ్యాక అందరం మధ్య గదిలో చేరాం. అన్నా బావా మంచం మీద, అత్తమ్మ పీట మీద, అక్క తలుపు దగ్గర, నేను స్తంభం ఆనుకుని. అన్నను చూడగానే నాకు కొండంత ధైర్యం వచ్చింది. లెక్క తెలిసిన మనిషి, నాలుగు మాటలు గట్టిగా అడుగుతాడనుకున్నాను.

అన్న గొంతు సవరించుకుని, సంతకం పెట్టు చెల్లే అన్నాడు. నెలనెలా పడుతుంది కదా, బ్యాంకు కదా, ఎక్కడికి పోతుంది, పెద్దాయనతో పంతం దేనికి అన్నాడు. చెప్తున్నంతసేపూ నేలను చూస్తున్నాడు. మా అన్న అబద్ధం చెప్పేటప్పుడు నేలను చూస్తాడు, చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు కూడానా అనుకున్నాను. నా అనుమానానికి ఇక పోవడానికి చోటు మిగల్లేదు.

నేను ఒకటే చెప్పాను. ఆయన పేరున్న చోట నా పేరు రాయాలి. అప్పుడు నెలనెలా ఖాతా పెట్టినా సరే, పెట్టకపోయినా సరే. నా పేరు లేకుండా దేని మీదా నా చెయ్యి పడదు. ఈ మాట అత్తమ్మతో చెప్పలేదు, గోడతో చెప్పలేదు. బావను చూస్తూ చెప్పాను.

బావ లేచి నిలబడ్డాడు. బయటికి పోతాడనుకున్నాను. పోలేదు. తిరిగి నా మొహంలోకి చూశాడు. ఆయన కళ్లు మా ఆయన కళ్లలాగే ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"పేరు రాస్త. రేపు నువ్వు ఇంకో పెండ్లి చేసుకుంటవు. అప్పుడు మా తమ్ముని జాగల ఎవ్వడో వచ్చి నా గద్దె మీద కూసుంటడు, నేను లేచి జాగ ఇయ్యాలె. మీ అన్న దినాల నాడే అన్నడు గద, చెల్లె చిన్నది, సంబంధం ఏదన్న ఉంటే చూస్తనని. ఐదేండ్లు ఎందుకు పెట్టిన అనుకున్నవు? ఐదేండ్లయితే నీకు ముప్పై దాటుతయి, పిల్ల పెద్దగైతది. ఇగ నిన్ను ఎవ్వడు చేసుకోడు. నువ్వు ఏడికి పోవు."

అన్నాక ఆయనే కూలబడ్డాడు. కోపంతో అన్న మాట కాదది. ఇన్నాళ్లూ మోసిన బరువు కింద పడేసినట్టు అన్నాడు.

నేను అన్న వైపు చూశాను. ఆయన ఇంకా నేలనే చూస్తున్నాడు. అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఏడుస్తోంది, కానీ ఆశ్చర్యపోలేదు. అక్క కూడా ఆశ్చర్యపోలేదు. అంటే అందరికీ తెలుసు. మా ఆయన దినాల నాటికే నేను మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని ఒకరు, చేసుకోకుండా చూడాలని ఒకరు, ఎన్నేళ్లకు నా మీద ఎవరికీ ఆశ పుట్టదో లెక్కకట్టి గడువు పెట్టాలని ఒకరు, అందరూ నా బతుకు మాట్లాడుకున్నారు. గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. చాయ్ చిక్కదనాన్ని అనుమానించిన మనిషిని నేను, పిల్ల చెప్పుల్ని అనుమానించినదాన్ని. ఇది మాత్రం నా తలలోకి రానే లేదు. ఇంకో పెళ్లి అనే మాట అప్పటిదాకా నాకు కలలో కూడా తట్టలేదు. ఆ ఇంట్లోంచి నేను ఎటైనా పోవచ్చు అనేది నాకు మొదట చెప్పింది, నేను పోకూడదని కోరుకున్న మనిషే.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒళ్లంతా మంటగా ఉంది, సిగ్గుగా ఉంది, చెప్పొద్దూ, కాస్త గాలి ఆడినట్టు కూడా ఉంది.

"పేరు రాయించుండ్రి బావా," అన్నాను. "పెండ్లి సంగతి నేను ఆలోచించుకుంట."

అన్న సాయంత్రం బస్సుకు పోతూ, నీ మంచికే అనుకున్న చెల్లే, దుకాణం వదిలితే ఇంకో సంబంధం చూడొచ్చనుకున్న అన్నాడు. నన్ను అడిగి అనుకోవలసింది అన్నాను. మళ్లీ చాలా నెలలు మా ఇంటికి రాలేదు ఆయన.

బావ ఇంకో పది పదిహేను రోజులు గుంజాడు. ఆ లోపల నూలు ఏజెంటు ఒకడు చెక్కు లేకపోతే సరుకు లేదన్నాడట. ఒక పొద్దున అత్తమ్మ వచ్చి, తయారుగా ఉండు, బ్యాంకుకు పోవాలంట అంది. ఈసారి ఆమె మాతో రాలేదు. రమ్మంటే, మీరు మీరు మాట్లాడుకుంటాండ్రు గద, నడుమ నేనెందుకు అంది. నేను ఒక్కదాన్నే రిక్షాలో పోయాను.

కరెంటు ఖాతా మీద బావ పేరు పక్కన నా పేరు రాశారు. ఏది ఆపాలన్నా ఇద్దరి సంతకాలూ కావాలని రాయించాను. బావ అడ్డు చెప్పలేదు, చెప్పే ఓపిక కూడా లేనట్టున్నాడు. అన్నీ అయ్యాక మేనేజరు ఆ రికరింగు కాగితం కూడా తీశాడు. ఇప్పుడు అది నాకు అక్కర్లేదు నిజానికి. కానీ కావాలన్నాను. దుకాణంలో సగం ఉన్నా, అందరి డబ్బులో కలిసిపోకుండా నెలకింత నాదని పక్కన పడాలి. ఎప్పుడు ఏ అవసరం వస్తుందో ఎవరికి తెలుసు?

"గడువు ఐదేళ్లే కదమ్మా?" అన్నాడు మేనేజరు, కలం పట్టుకుని.

"ఏడాది," అన్నాను.

ఏడాదికైతే మిత్తి తక్కువండీ, ఐదేళ్లకు పెడితే ఎంతో లాభం అని ఆయన వివరించబోయాడు. ఏడాదే రాయమన్నాను. బావ చేతిలో ఉన్న కళ్లజోడు మూసి, తెరిచి, మళ్లీ మూశాడు.

ఆ తరువాత నేను దుకాణంలో కూర్చున్నాను, కొత్తవాడ ఇళ్లకు నేనే నడిచి పోయి వచ్చాను, ఎనభైలన్నీ అలాగే గడిచాయి. ఇంకో పెళ్లి నేను చేసుకోలేదు. చేసుకోననీ ఎవరికీ చెప్పలేదు. ఏడాది నిండగానే డబ్బు తీసుకుని మళ్లీ కొత్తగా రాయించేదాన్ని. మేనేజర్లు మారేవాళ్లు, వచ్చిన ప్రతివాడూ ఐదేళ్లకు పెట్టమని చెప్పేవాడు. ఏడాది చాలు అనేదాన్ని. పక్కన కూర్చున్న బావ ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.